తల ఒరిగింది, మతి చెడలేదు

కర్నూలు, కడప పల్లెల్లో ఒక కుక్క తల పక్కకు వాల్చుకుని, కాళ్లు ఎడంగా పెట్టి తూలుతూ, ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతూ కనబడితే చుట్టుపక్కల నుంచి ముందుగా వినబడే మాట ఒకటే: "దానికి పిచ్చి లేసింది, దగ్గరికి పోవాకండి." ఆ మాట వెనకే కట్టెలు లేస్తాయి, రాళ్లు లేస్తాయి. పట్టణంలోనైతే మాట కొంచెం మారుతుంది. "పక్షవాతం వచ్చింది, ఇంక లేవదు" అంటారు. ముసలి కుక్కయితే "దాని కాలం తీరింది" అని తేల్చేస్తారు. ఏళ్ల తరబడి వాకిట్లో పడుకుని ఇంటిని కాసిన ప్రాణిని ఒక్క పూటలో వదులుకోవడానికి ఇంటిల్లిపాదీ సిద్ధపడిపోతారు.

ఆ మూడు మాటల్లో ఏదీ నిజం కాకపోవచ్చు. లోపలి చెవిలో శరీరాన్ని నిలకడగా నిలిపే చిన్న అవయవం దెబ్బతిన్నా కుక్క అచ్చం ఇలాగే పడిపోతుంది. పశువైద్యులు దీన్ని వెస్టిబ్యులార్ జబ్బు అంటారు. ముసలి కుక్కల్లో కారణం అంతుపట్టకుండా వచ్చే రకమైతే సాధారణంగా మూడు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది, రెండు మూడు వారాల్లో చాలా కుక్కలు మామూలుగా నడుస్తాయి. చూడటానికి ఇంత భయంకరంగా ఉండి, ఇంత బాగా నయమయ్యే జబ్బులు అరుదు. కుక్క పడిపోయిన మొదటి రోజున ఇంట్లోవాళ్లు తీసుకునే నిర్ణయమే దాని బతుకును తేలుస్తుంది. ఆ నిర్ణయం భయంతో కాక, విషయం తెలిసి తీసుకోవాలన్నదే ఈ కథనం ఉద్దేశం.

ఆ ఉదయం ఏం జరుగుతుంది

రాత్రి సంగటి ముద్ద తిని బాగానే పడుకున్న కుక్క తెల్లారి లేవబోతుంది. లేవలేదు. ఒక పక్కకు దొర్లిపోతుంది. మళ్లీ లేస్తుంది, మళ్లీ అదే పక్కకు పడుతుంది. గోడకు ఆనుకుని నిలబడాలని చూస్తుంది. తల ఒకవైపుకే వంగి ఉంటుంది. దగ్గరగా కూర్చుని కళ్లలోకి చూస్తే గుడ్లు ఒక పక్కకు మెల్లగా జరిగి, రెండో పక్కకు చటుక్కున వస్తూ ఆగకుండా కదులుతుంటాయి. చొంగ కారుతుంది, వాంతి అవుతుంది. కొన్ని కుక్కలు బెదిరి మూలుగుతాయి. లేచి బయటికి పోలేక పడుకున్న చోటే మూత్రం పోస్తాయి. బయటికి పోయే అలవాటున్న కుక్కకు అది సిగ్గు, దాన్ని తిట్టకూడదు.

ఇది చూసిన యజమాని గుండె జారిపోవడం సహజం. కానీ ఆ కుక్క లోకంలో ఏం జరుగుతోందో తెలుసుకుంటే భయం సగం తగ్గుతుంది. పండగనాడు ఆడపిల్లలు చేతులు పట్టుకుని ఒప్పులకుప్ప తిరిగి ఒక్కసారిగా ఆగితే చుట్టూ ఉన్న ఇళ్లు, చెట్లు ఇంకా తిరుగుతూనే ఉంటాయి. కాళ్లు నిలబడవు, కడుపులో తిప్పుతుంది. ఆడపిల్లలకు ఆ తిరుగుడు కాసేపట్లో ఆగిపోతుంది. ఈ కుక్కకు అది గంటల తరబడి, ఒక్కోసారి రెండు మూడు రోజులు ఆగదు. దానికి నొప్పి కన్నా తికమక ఎక్కువ. నేల ఎక్కడుందో తెలియక అది నేలను పట్టుకోవాలని చూస్తోంది.

లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకారపు గొట్టాలు ఉంటాయి. వాటి నిండా ద్రవం. తల తిరిగినప్పుడు ఆ ద్రవం కదిలి లోపలున్న సన్నని వెంట్రుకల్లాంటి కణాలను వంచుతుంది. వాటి పక్కనే రెండు చిన్న సంచులు, వాటిలో కంటికి ఆనని సున్నపు రవ్వలు. తల వంగిందా, పైకి లేచిందా అన్నది అవి చెబుతాయి. ఈ కబురంతా ఎనిమిదో కపాల నాడి మీదుగా మెదడుకు చేరుతుంది. కుడి చెవి, ఎడమ చెవి ఎప్పుడూ సమానంగా కబురు పంపుతుంటే మెదడు "నిలకడగా ఉన్నాను" అనుకుంటుంది. ఒక చెవి మౌనం వహిస్తే రెండో చెవి కబురే ఎక్కువవుతుంది. అప్పుడు మెదడు శరీరం తిరుగుతోందని నమ్మి, లేని తిరుగుడును సరిచేయబోయి కుక్కను దెబ్బతిన్న చెవి వైపుకే పడేస్తుంది.

చెవికీ నిలకడకూ ఉన్న ఈ బంధం మనిషికి తెలిసింది ఈమధ్యనే అనాలి. 1824లో ఫ్రాన్స్‌లో ఫ్లౌరెన్స్ అనే శాస్త్రవేత్త పావురాల చెవుల్లోని ఈ గొట్టాలను కోసి చూస్తే ఆ పావురాలు తమ చుట్టూ తాము తిరగడం మొదలుపెట్టాయి. ఎందుకన్నది తేలడానికి ఇంకో అర్ధ శతాబ్దం పట్టింది. వియన్నాలో చెవి డాక్టరు రాబర్ట్ బారనీ రోగుల చెవులు నీళ్లతో కడిగేటప్పుడు ఒక సంగతి గమనించాడు. చన్నీళ్లు పోస్తే తల తిరిగి కనుగుడ్లు ఒక దిక్కుకు కొట్టుకుంటాయి, వేడి నీళ్లు పోస్తే రెండో దిక్కుకు. ఆ పరిశీలనతోనే చెవిలోని నిలకడ వ్యవస్థను పరీక్షించే పద్ధతి పుట్టింది. 1914 సంవత్సరపు వైద్య నోబెల్ ఆయనకు వచ్చింది. ఆ కబురు అందేనాటికి ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యన్లకు చిక్కి మెర్వ్ శిబిరంలో ఖైదీగా ఉన్నాడు. బారనీ నేర్పిన పాఠం మన వాకిట్లోనూ పనికొస్తుంది: కుక్క చెవిలో చల్లటి మందు గానీ నీళ్లు గానీ పోయకూడదు. పోయాల్సి వస్తే శరీరపు వేడికి తెచ్చి పోయాలి.

పిచ్చి కుక్క అనే ముందు

ఇక్కడ మాట జాగ్రత్తగా చెప్పాలి. రేబిస్ భయం ఉత్త భయం కాదు. లక్షణాలు బయటపడ్డాక మనిషికైనా కుక్కకైనా దాదాపు చావే. రేబిస్‌లో కూడా కుక్క తూలుతుంది, కాళ్లు పడిపోతాయి. అందువల్ల "తల వాలిందంటే చెవి జబ్బే" అని ఎవరూ ధీమాగా చెప్పకూడదు, నేనూ చెప్పను.

అయినా తేడా కనిపెట్టడానికి గుర్తులు ఉన్నాయి. చెవి జబ్బు ఒక్కసారిగా వస్తుంది, మొదటి రోజే అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది, ఆ తర్వాత రోజురోజుకీ తగ్గుతుంది. రేబిస్ రోజురోజుకీ ముదురుతుంది, లక్షణాలు మొదలైన పది రోజుల్లోపే కుక్క చనిపోతుంది. చెవి జబ్బున్న కుక్క పడుకున్న చోటి నుంచే యజమాని గొంతు విని తోక ఆడిస్తుంది, పేరు పిలిస్తే చూస్తుంది. రేబిస్ కుక్క స్వభావమే మారుతుంది: ఊరికే మీదపడుతుంది, లేకపోతే చీకటి మూలకు దూరుతుంది. మొరుగు బొంగురుపోతుంది, కింది దవడ వేలాడుతుంది, గొంతు పట్టేసి మింగలేదు. తల ఒకే పక్కకు వాలి, కనుగుడ్లు లయగా కొట్టుకోవడం చెవి వైపు చూడమని చెప్పే గుర్తులు.

ఇంటి కుక్కకు ఏటా రేబిస్ టీకా తప్పకుండా వేయిస్తూ వచ్చినవాళ్లకు ఈ అనుమానం చాలావరకు తీరినట్టే. టీకా సంగతి తెలియని వీధి కుక్కయితే నోటి దగ్గరికి చేయి పోనివ్వకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి, పశువైద్యుడికి కబురు చేయండి. ఆ లాలాజలం పుండు మీద పడినా, పన్ను గీరుకున్నా సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. సర్కారు ఆస్పత్రుల్లో అది ఉచితం.

రాళ్లు తీసుకునే హక్కు మాత్రం ఎవరికీ లేదు. నిజంగా రేబిస్ అనుమానం ఉన్నా 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఆ కుక్కను పట్టి విడిగా ఉంచాలే తప్ప జనం కొట్టి చంపకూడదు. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద జంతువును చంపడం, విషం పెట్టడం, అవిటిది చేయడం నేరం, అయిదేళ్ల దాకా జైలు పడొచ్చు. చట్టం సంగతి అటుంచి, కొట్టబోయేవాళ్లు తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. రేబిస్ కుక్కను కట్టెలతో చుట్టుముట్టడం కన్నా ప్రమాదకరమైన పని లేదు. చెవి జబ్బు కుక్కను కొట్టడం కన్నా అన్యాయమైన పనీ లేదు.

గొర్రెల కాపర్లకు ఈ విషయం కొంత తేలిగ్గా అర్థమవుతుంది. మందలో ఒక గొర్రె తల ఒక పక్కకు పెట్టుకుని గుండ్రంగా తిరగడం వాళ్లు చూసినదే. అది గిడ్ అనే జబ్బు, గొర్రె మెదడులో నీటి తిత్తి పెరగడం వల్ల వస్తుంది. దానికి మూలం కుక్క కడుపులోని ఒక రకం బద్దెపురుగు. చచ్చిన గొర్రె తలకాయను కుక్కకు వేస్తే ఆ తిత్తి కుక్క కడుపులో పురుగవుతుంది, దాని గుడ్లు కుక్క మలంలో పడి కసువు మీదుగా మళ్లీ గొర్రెకు చేరతాయి. మంద కుక్కలకు క్రమం తప్పకుండా నట్టల మందు తాగించి, గొర్రె తలకాయలు వేయడం మానేస్తే ఆ చక్రం తెగుతుంది. గొర్రె తిరగడానికీ కుక్క తిరగడానికీ కారణాలు వేరు. కానీ తిరిగేదల్లా పిచ్చిది కాదన్న సంగతి మన కాపర్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

బండపరుపు మీద నాలుగు కాళ్లు

ఈ జబ్బుకు మందుల కన్నా సేవ ముఖ్యం. ఆ సేవ నేలతో మొదలవుతుంది. ప్రపంచంలో ఎక్కడి పుస్తకమైనా "జారని నేల మీద ఉంచండి" అంటుంది. రాయలసీమ ఇంట్లో ఆ ఒక్క మాటే కష్టం. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నల్ల కడప బండలు, బేతంచెర్ల వైపు పాలిష్ బండలు. వేసవిలో చల్లగా ఉంటాయని, కడిగితే అద్దంలా మెరుస్తాయని మనం మురిసిపోయే నేల అది. నిలకడ పోయిన కుక్కకు అదే పగ. గోళ్లకు పట్టు దొరకదు, నాలుగు కాళ్లు నాలుగు దిక్కులకు జారతాయి, తుంటి కీలు బెణుకుతుంది. చెవి జబ్బు మూడు వారాల్లో తగ్గినా జారిపడిన కాలు మూడు నెలలు సతాయిస్తుంది.

కాబట్టి మొదటి పని బండలు కప్పేయడం. ఖరీదైన రబ్బరు పట్టాలు కొనాల్సిన పని లేదు. గోనెసంచులు విప్పి పరవండి, ఆదోని గుంతకల్లు వైపు ఏ ఇంట్లోనైనా అవి దొరుకుతాయి. కొబ్బరి పీచు పట్టాలు ఇంకా మంచివి. పాత చీరలు కుట్టిన బొంత మెత్తగా ఉంటుంది కానీ బండ మీద బొంతే జారుతుంది, దాని కింద గోనె వేయాలి. కుక్క పడుకునే చోటి నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కడి నుంచి వాకిలి దాకా తెగకుండా దారి ఉండాలి. కొట్టంలో మట్టి నేల ఉంటే దాన్ని అక్కడికే మార్చడం అన్నిటికన్నా తేలిక. అలికిన మట్టి నేల మీద కుక్క కాలు నిలిచినంతగా ఏ బండ మీదా నిలవదు.

మెట్లకు అడ్డం పెట్టండి. మిద్దె మీదికి పోనివ్వకండి, పిట్టగోడ లేని మిద్దె అయితే ఆ తలుపు గొళ్లెం వేసి ఉంచండి. బావి, తొట్టి, సంపు మూతలు చూసుకోండి. రాత్రిపూట ఒక చిన్న బల్బు వెలిగించి ఉంచండి. చెవి ఇచ్చే కబురు తప్పయినప్పుడు మెదడు కంటినీ పాదాలనూ నమ్ముకుని కొత్త లెక్క కట్టుకుంటుంది. చీకట్లో కంటి సాక్ష్యం కూడా పోతే కుక్క మరీ బెదిరిపోతుంది.

ఇక్కడే చాలామంది ప్రేమకొద్దీ తప్పు చేస్తారు. పాపం పడిపోతోందని ఎత్తుకుని తిప్పుతారు. పాదాలు నేల మీద నుంచి లేచిన క్షణం కుక్కకు మిగిలిన ఒక్క ఆసరా పోతుంది, తిరుగుడు ఎక్కువవుతుంది. ఎత్తాల్సి వస్తే మెల్లగా, ఒళ్లంతా మీ ఛాతీకి ఆనించుకుని, తల ఊగకుండా ఎత్తండి. నడిపించేటప్పుడు పొడవాటి తుండుగుడ్డను పొట్ట కింద నుంచి పోనిచ్చి రెండు కొసలు పైన పట్టుకోండి. బరువు మీరు మోయకూడదు, పడిపోకుండా ఆసరాగా ఉండాలి, అంతే. మొదటి రోజు మూత్రానికి తీసుకుపోవడమే నడక. వాంతులు ఆగాక పొద్దున, సాయంత్రం కొద్దిసేపు నడిపించండి. కాళ్లు నేలను తాకి, కళ్లు ఎదురుగా చూసి, మెదడు తనను తాను సవరించుకోవడమే ఇక్కడ అసలు వైద్యం. కదలకుండా మూలన కట్టేసిన కుక్క ఆలస్యంగా కోలుకుంటుంది.

అదే పక్క మీద గంటల తరబడి పడుకుంటే ఒరుసుకుపోయి పుళ్లు పడతాయి. రెండు మూడు గంటలకొకసారి పక్క మార్చండి. దుప్పటి చుట్టలు రెండు వైపులా పెడితే దొర్లిపోకుండా ఉంటుంది, భయమూ తగ్గుతుంది. తడిసిన గుడ్డ వెంటనే తీసేయాలి. ఎండాకాలంలో అయితే ఈగలు పుళ్ల మీద గుడ్లు పెట్టడానికి ఒక్క పూట చాలు.

సంగటి, నీళ్లు, మే నెల ఎండ

మొదటి రోజు తిండి ముట్టకపోయినా గాబరా పడొద్దు. నీళ్లు మాత్రం మరవొద్దు. లోతు గిన్నెలోకి తల వంచితే కుక్క అందులోకే బోర్లా పడుతుంది. వెడల్పాటి చిన్న పళ్లెంలో కొద్దికొద్దిగా, దాని మూతి ఎత్తుకు పెట్టి తాగించండి. కుక్క పొట్ట మీద పడుకుని తల నిటారుగా ఉన్నప్పుడే తాగించాలి. పక్కకు పడుకున్న కుక్క నోట్లో బలవంతంగా పోస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

వాంతులు తగ్గాక మెత్తగా పిసికిన పెరుగన్నం, పలచగా కలిపిన సంగటి, పాలలో నానిన జొన్నరొట్టె ఇలా అలవాటున్నదే కొంచెం కొంచెంగా చేత్తో పెట్టండి. ఉల్లిపాయ, వెల్లుల్లి ఉన్నదేదీ వద్దు. ఉగ్గాని మిగిలిందని కుక్కకు వేయడం మన ఊళ్లలో మామూలే. ఉల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తుంది, నీరసించిన కుక్కకు అది ఇంకా చేటు.

ఎండ సంగతి వేరేగా చెప్పాలి. కర్నూలు, కడపల్లో మే నెలలో 43, 44 డిగ్రీలు కొత్త కాదు. ఆరోగ్యంగా ఉన్న కుక్క నీడను వెతుక్కుంటుంది, కాలువ గట్టు తడిలో పడుకుంటుంది. పడిపోయిన కుక్క నీడ జరిగిపోయినా కదలలేదు. పొద్దున పది గంటలకు నీడ ఉన్న చోట మధ్యాహ్నం ఎండ పడుతుంది, అది మనం మరిచిపోతాం. వడదెబ్బ తగిలినా కుక్క తూలుతుంది. ఆయాసంగా రొప్పుతూ, చిగుళ్లు ఎర్రబారి, ఒళ్లు కాలిపోతుంటే అది చెవి జబ్బు అనుకుని కూర్చోకూడదు. ఒళ్లంతా తడిపి, గాలి తగిలేలా పెట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. పత్తి, మిరప చేలల్లో తిరిగే కుక్క ఒక్కసారిగా వణుకుతూ, విపరీతంగా చొంగ కారుస్తూ పడిపోతే పురుగుమందు అనుమానించాలి. అక్కడ మూడు రోజుల ఓపిక పనికిరాదు, ప్రతి నిమిషమూ లెక్కే.

కారణం వెతకాలి

ముసలి కుక్కల్లో కారణం తెలియకుండా వచ్చే రకమే ఎక్కువగా కనిపించినా, ఆ పేరు పెట్టేముందు మిగిలిన కారణాలు లేవని తేల్చుకోవాలి. అందులో మొదటిది చెవి ఇన్ఫెక్షన్. కుక్క చెవి గొట్టం మన చెవిలా సూటిగా ఉండదు. పై నుంచి కిందికి దిగి, అక్కడి నుంచి లోపలికి మలుపు తిరుగుతుంది. తేమ, మురికి, చేలల్లో గుచ్చుకున్న ఎండు గడ్డి ముళ్లు ఆ మలుపులో ఇరుక్కుంటాయి. చీము పట్టి, అది మధ్య చెవికి, అక్కడి నుంచి లోపలి చెవికి పాకుతుంది. చెవి వాసన వస్తున్నా, కుక్క తల విదిలిస్తున్నా, ఒక వైపు కనురెప్ప వాలినా, మూతి ఒక పక్కకు జారినా ఇదే అనుమానం. దీనికి వారాల తరబడి యాంటిబయాటిక్ వాడాలి, మధ్యలో ఆపకూడదు.

చెవిలో కాగిన నూనె, ఆకుపసరు పోయడం, మెడ మీద వాత పెట్టించడం మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. కర్ణభేరికి రంధ్రం పడి ఉంటే చెవిలో పోసినదల్లా నేరుగా లోపలికి దిగుతుంది. మందుల షాపులో దొరికే కొన్ని చుక్కల మందులూ అంతే, జెంటామైసిన్ వంటివి లోపలి కణాలనే చంపుతాయి. వైద్యుడు పరికరంతో చెవిలోకి తొంగిచూసే దాకా ఏదీ పోయకండి. వాత గురించి చెప్పాల్సింది ఒక్కటే, అది ఒట్టి హింస.

రెండోది పిడుదులు. కొందరు గోమార్లంటారు. గోధుమరంగు కుక్క పిడుదు మోసే ఎర్లీకియా అనే సూక్ష్మజీవి రక్తంలో చేరి జ్వరం, నీరసం, ముక్కు వెంట రక్తం తెస్తుంది. కొన్ని కుక్కల్లో నాడీ వ్యవస్థనూ పట్టి తల వాలేలా చేస్తుంది. రక్త పరీక్షలో తేలుతుంది, డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు వాడితే చాలా కుక్కలు కోలుకుంటాయి. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబపు మందు. ఆ కుటుంబంలో మొట్టమొదటిది ఆరియోమైసిన్. అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహించిన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు దగ్గర పనిచేస్తూ బెంజమిన్ డగ్గర్ దాన్ని కనిపెట్టాడు, 1948లో అది లోకానికి అందింది. ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశారు. ఇవాళ ప్రొద్దుటూరులోనో పత్తికొండలోనో ఒక కుక్క పిడుదు జ్వరం నుంచి లేచి నడిచిందంటే అందులో ఆయన పాలూ ఉంది.

ఇవి కాక థైరాయిడ్ తగ్గడం ఉంది, టీకాలు వేయని కుక్కపిల్లల్లో డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు ఉంది, మెదడులో గడ్డలు ఉన్నాయి. విరేచనాలకని మెట్రోనిడజోల్ మాత్రలు ఎక్కువ మోతాదులో, ఎక్కువ రోజులు వేసినా కుక్క ఇలాగే తూలుతుంది. వైద్యుడు ఆ మందు ఆపిస్తే సాధారణంగా తేరుకుంటుంది. అందుకే ఆస్పత్రికి పోయేటప్పుడు ఈ నెలలో ఏమేం మాత్రలు వేశారో ఆ అట్టలన్నీ వెంట తీసుకుపోండి.

జబ్బు చెవిలో ఉందా, మెదడులో ఉందా అన్నదే వైద్యుడు ముందు తేల్చుకునే సంగతి. ఎమ్మారై లేకుండానే చాలావరకు తేలుతుంది. కుక్కను నిలబెట్టి పట్టుకుని, ఒక పాదాన్ని వెనక్కి మడిచి వేళ్ల పై భాగం నేలకు తాకేలా పెట్టి చూస్తారు. చెవి జబ్బయితే కుక్క వెంటనే పాదాన్ని సరిచేసుకుంటుంది. మెదడు దెబ్బతింటే మడిచిన పాదాన్ని అలాగే వదిలేస్తుంది. కనుగుడ్లు పక్కకు కాక పైకీ కిందికీ కొట్టుకుంటున్నా, కుక్క మగతగా ఉండి పిలుపుకు పలకకపోయినా, మూర్ఛలు వచ్చినా మెదడునే అనుమానిస్తారు.

ఎక్కడికి తీసుకుపోవాలి

మండల కేంద్రంలోని పశువైద్యశాలకే ముందు పోండి. కంటి కదలిక, చెవి, పాదం చూడటానికి టార్చిలైటు, అనుభవం చాలు. వాంతులు ఆపే సూది, ఒంట్లో నీరు తగ్గితే సెలైన్ మొదటి రోజు కుక్కను నిలబెడతాయి. ఇంకా లోతుగా చూడాల్సి వస్తే శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, కడప నుంచి యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ. తిరుపతిలో 1955 నుంచీ నడుస్తున్న కళాశాల ఉంది. కర్నూలు వాళ్లకు హైదరాబాదు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు 2022లో మన రాష్ట్రంలో మొదలయ్యాయి. అవి ముఖ్యంగా పాడి పశువుల కోసం, అయినా సలహా అడగడంలో తప్పులేదు.

బైకు మీద ఒళ్లో పెట్టుకుని పోకండి. ప్రతి మలుపుకూ దాని తిరుగుడు ఎక్కువవుతుంది. చిన్న కుక్కయితే టమాటా ట్రేలో దుప్పట్లు దట్టంగా కుక్కి పడుకోబెట్టండి. పెద్ద కుక్కయితే దుప్పటి మీద పడుకోబెట్టి నాలుగు కొసలు నలుగురు పట్టుకుని ఆటో ఎక్కించండి. బయలుదేరే ముందు దాని కళ్లు కదిలే తీరు ఫోనులో ఒక నిమిషం వీడియో తీయండి. ఆస్పత్రి చేరేసరికి ఆ కదలిక తగ్గిపోవచ్చు. వైద్యుడికి ఆ వీడియో చాలా పనికొస్తుంది.

మనుషుల తలతిరుగుడు మాత్రలు, నొప్పి మాత్రలు ఇంట్లో ఉన్నాయని వేయొద్దు. ఐబుప్రొఫెన్ కుక్క కడుపును, మూత్రపిండాలను పాడుచేస్తుంది. ఇలాంటి కుక్కకు పనికొచ్చే వాంతి మందులు, తిరుగుడు మందులు ఉన్నాయి, వాటి మోతాదు బరువును బట్టి వైద్యుడే రాయాలి.

ఇంకో మాట, ఇది వైద్యులకు. ముసలి కుక్కను దుప్పట్లో మోసుకొచ్చిన రైతు "సార్, బాధ పడకుండా సూది వేసేయండి" అని అడిగితే, మెదడు జబ్బు గుర్తులు లేవని తేలినప్పుడు, దయచేసి మూడు రోజులు గడువు అడగండి. ఆ మూడు రోజుల్లో కళ్ల కదలిక తగ్గితే, కుక్క నీళ్లు తాగితే, ఆ రైతే మళ్లీ వచ్చి చెబుతాడు. తగ్గకపోతే, ముదిరితే అప్పుడు వేరే ఆలోచన చేయొచ్చు. బాగయ్యే కుక్కను తొందరపడి చంపితే మాత్రం దిద్దుకునే వీలుండదు.

కోలుకున్నాక కూడా కొన్ని కుక్కల్లో తల కొంచెం ఒక పక్కకు వాలి ఉండిపోతుంది. దానికి మందు అక్కర్లేదు. ఆ తలతోనే అది తింటుంది, పరుగెత్తుతుంది, కొత్తవాళ్లు వస్తే మొరుగుతుంది. కొన్నిటికి ఈ జబ్బు మళ్లీ వస్తుంది, మళ్లీ తగ్గుతుంది. ఊళ్లో అలా తల వంచుకుని తిరిగే కుక్క ఉంటే పిల్లలకు చెప్పండి, అది పిచ్చిది కాదని, చెవికి జబ్బు చేసి లేచినదని.

ఈ వారం మీ కుక్క చెవుల్లోకి ఒకసారి చూడండి, మెడ కింద, వేళ్ల సందుల్లో పిడుదులు ఏరేయండి, రేబిస్ టీకా వేసి ఏడాది దాటిందేమో కార్డు తీసి చూసుకోండి. దాటితే ఆలస్యం చేయకుండా పశువైద్యశాలకు తీసుకుపోండి.